తలుపు అవతల చక్రాలు

లింఫోమా అనే రక్త క్యాన్సరు తగ్గడానికి ఆ బస్సు డ్రైవరుకు ఆసుపత్రిలో మూలకణాలు ఎక్కించి పన్నెండు రోజులైంది. గదిలోనే రోజుకు ఇరవైసార్లు అటూ ఇటూ నడవమని డాక్టరు చెప్పాడు. అతను రోజూ ఆ ఇరవైసార్లూ నడిచేవాడు.

ఆ రాత్రి, మిగిలిన నడక కోసం సెలైన్ స్టాండు పట్టుకుని లేచాడు. చక్రాలు కిర్రుమంటున్నాయి. ఆరోసారి గోడ దగ్గర ఆగాడు. కిర్రుమనే చప్పుడు మాత్రం ఆగలేదు. తలుపు అవతల ఇంకో రెండడుగులు సాగి, అప్పుడు ఆగింది.

బెల్లు నొక్కాడు. స్పీకరులో నర్సు పలికింది.

"బయట ఎవరమ్మా నడుస్తున్నారు?"

"ఎవరూ లేరు బాబాయ్. ఈ అంతస్తులో లేచి నడవగలిగేది మీరొక్కరే. ఇక పడుకోండి."

మంచం మూడడుగుల దూరంలోనే ఉంది. కానీ ఇప్పుడు భయపడి పడుకుంటే రేపు లేవబుద్ధి కాదని అతనికి తెలుసు.

మళ్లీ నడిచాడు. అదీ నడిచింది. పదోసారికి ఆ చప్పుడు గదిలోనే, సరిగ్గా అతని వెనకే వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"వస్తే రా," అన్నాడు వెనక్కి తిరగకుండా. "దారి మధ్యలో బండి ఆపే అలవాటు నాకు లేదు."

స్టాండును ముందుకు తోసి, "పదకొండు," అని లెక్కపెట్టాడు.

"పన్నెండు," అంది వెనక ఒక గొంతు.

అతను ఆగకుండా అడుగు వేశాడు.