నోరున్న మనిషి

ఓబిలేష్ మగ్గం గుంతలోంచి లేచి, రెండు చెవులూ మూసుకుని, తల గోడకేసి కొట్టుకున్నాడు.

పక్కన కూర్చుని అంచు వైపు పోగు నడిపే నాడె వేసే ఆమె పొద్దున్నుంచీ తన కోడలి సంగతి చెబుతూనే ఉంది. వాడి నెత్తురు చూసి భయపడి అప్పుడే పని మానేసింది.

ధర్మవరం పెద్దంచు చీరకు ఇద్దరు కావాలి. ఓబిలేష్ పక్కన ఎవరూ నిలవరు. ఇల్లు నడిచేది వాడి నేత మీదే.

వాకిట్లో ఒక కొత్త మనిషి నిలబడి ఇదంతా చూసింది. కంబదూరు పక్క శెనక్కాయ పంట ఎండిపోయి, పని వెతుక్కుంటూ వచ్చిన మనిషి.

ఓబిలేష్ వదిన సునంద పేరడిగింది. ఆమె ఓబిలేష్ వైపు ఒకసారి చూసి, ముంజేయి చాపింది. పచ్చబొట్టు. బయమ్మ.

"నోరు లేదా? మంచిదేలే," అన్నాడు ఓబిలేష్ అన్న ఈశ్వరప్ప. "కూలి పెంచమని అడగదు."

ఆ రోజు నుంచి ఆమె మూగామె.

మగ్గం ఇంటి పంచలోనే పడుకునేది. అమావాస్యకు మగ్గం ఆపితే ఊరికి పోయి వచ్చేది. పోగు తెగితే వేలితో చెక్క మీద తట్టేది. ఓబిలేష్ ఆగేవాడు. అతికి మళ్ళీ నేసేవాడు.

వాడు తల కొట్టుకోవడం మానేశాడు. ఎందుకు మానేశాడని ఎవరూ అడగలేదు. చీర దిగుతోంది కదా. మనుషులు చీరను చూస్తారు, నేసేవాణ్ణి చూడరు.

అట్లా ఏండ్లు గడిచాయి. వాడికి నలభై దాటాక పంటి నొప్పికి ఆసుపత్రికి తీసుకుపోతే, జనం గోలకు ఓబిలేష్ బల్ల కింద దూరాడు. డాక్టరు కృపాకుమారి కసురుకోలేదు. మళ్ళీ మళ్ళీ పిలిపించి, అన్నీ అడిగి, చివరికి చెప్పింది. ఆటిజం. పుట్టుకతోనే ఉంది.

అన్నాళ్ళూ వాణ్ణి పొగరుబోతన్నారు. తిక్కోడన్నారు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు. ఇప్పుడు పేరు తెలిసింది. పేరు తెలిస్తే ఏమొచ్చింది?

ఈశ్వరప్ప మాత్రలడిగాడు. లేవంది.

"ఆయనకు సరిపడే మనిషి ఒకరు పక్కనుంటే చాలు. అట్లాంటి మనిషిని చూడండి."

ఈశ్వరప్ప చూడడం మొదలుపెట్టాడు. అనంతపురంలో ఒక చోట పిల్లల్నే చూస్తామన్నారు. గదిలోని బుల్లి కుర్చీలు చూపించి పంపించారు. ఇంకో చోట బెంగళూరు పొమ్మన్నారు. జిల్లా అంతటా పెద్దవాళ్ళకు ఆ జబ్బే రానట్టు మాట్లాడారు.

తిరిగి తిరిగి ఇంటికొచ్చాడు. మగ్గం దగ్గర ఇద్దరూ నోరు మెదపకుండా పని చేసుకుంటున్నారు. ఈశ్వరప్పకు కారణం దొరికిపోయింది.

"మూగదాని పక్కన ఇన్నేండ్లు కూచ్చుంటే ఏమయితాడు? వానికీ అంటుకున్నాది."

పుట్టుకతోనే అని డాక్టరమ్మ చెప్పింది కదా అని సునంద గొణిగింది.

"ఆయమ్మకేం తెలుసు? వానికి నోరున్న మనిషి కావల్ల."

బయమ్మ పెదాలు కదిలాయి. గుంతలో ఉన్న ఓబిలేష్ వైపు చూసింది. పెదాలు మూసుకుంది. సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె చోటికి ప్రతాప్ అనే అతన్ని ఏరికోరి తెచ్చారు. పొద్దుగూకులూ మాట్లాడగలడు. సినిమాలు, క్రికెట్, ఎలక్షన్లు. ఓబిలేష్ చెవులు మూసుకున్నాడు. అలవాటు కావాలని ఈశ్వరప్ప వాడి చేతులు లాగి పట్టుకున్నాడు.

మర్నాడు ఓబిలేష్ కత్తెర తీసుకుని మగ్గం మీదున్న పడుగు మొత్తం కోసేశాడు.

నేసేవాళ్ళకు అది ఇంట్లోంచి శవం లేచినట్టే.

తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ముద్ద ముట్టలేదు. సునంద చెంచాతో పోసిన నీళ్ళు పెదాల పక్కనుంచి కారిపోయాయి. ఇట్లాగే ఉంటే మనిషి దక్కడని కృపాకుమారి చెప్పేసింది.

వాడు ఒక్కటే మాటన్నాడు.

"ఆమె యాడ?"

ఈశ్వరప్ప కంబదూరు బస్సెక్కాడు. కాళ్ళు పట్టుకునైనా తీసుకురావాలనుకున్నాడు. బస్సు దిగి, ఎండలో నడిచి, బయమ్మ ఊరు చేరాడు. మొదటి ఇంటి ముందు నారాయణమ్మ అనే ముసలామె శెనక్కాయలు ఒలుస్తోంది.

"మూగ బయమ్మ ఇల్లు యాడుండాదమ్మా?"

"ఈ ఊర్లో మూగోల్లు ఎవురూ లేరే."

ధర్మవరం మగ్గం పనికి వచ్చేదని, చేతి మీద పచ్చబొట్టు ఉంటుందని చెప్పాడు. ముసలామె చేతులు ఆగిపోయాయి.

"మా బయమ్మా? పోయిందప్పా. ఆడ పని తీసేసినాక ఉపాధి పనికి పోతాండె. ఎండకు పడిపోయింది, మల్ల లేయల్యా."

ఈశ్వరప్ప అరుగు మీద కూర్చున్నాడు.

"నోరు లేని మనిషి ఉసురు పోసుకున్నా," అన్నాడు.

నారాయణమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఆడ ఒకాయనకు మాట పడదని మీ ఇంట్లో నోరు కట్టేసుకుంటాండె గానీ, పెండ్లికయినా సావుకయినా ఈ ఊర్లో పాట ఎత్తేది ఆమేనప్పా, ఆమె పోయిన పొద్దు పాడే మనిషి లేక ఊరకే ఎత్తుకపోతిమి."