మంట రంగు

“చెప్పు శివమ్మవ్వా,” అన్నాడు సంగప్ప, ఫోన్ చెవికి ఆనించుకుని.

పొద్దున్న ఏడు కాలేదు. జహీరాబాద్ మీద మంచు ఇంకా విడవలేదు. చలికాలం వచ్చిందంటే గ్యాస్ గీజర్లున్న ఇళ్లవాళ్లకు దేవుడి తర్వాత గుర్తొచ్చేది సంగప్పే. సగం రిపేర్లు మంచం దిగకుండా ఫోన్‌లోనే చేసేస్తాడని అతడికి పేరు. ఎవరైనా ఆ మాటంటే మురిసిపోయి మీసం దువ్వుకునేవాడు.

“గీజర్ మంట మాటిమాటికి ఆరిపోతున్నది బిడ్డా,” అంది శివమ్మ. ఆమె ఇల్లు న్యాల్‌కల్ రోడ్డులో. కొడుకూ కోడలూ తెల్లారకముందే ఫ్యాక్టరీకి పోతే, మనవరాలు వర్షితను బడికి తయారు చేసే పని ఆమెదే. ఆ ఇంటి బాత్‌రూమ్‌లో గీజర్ బిగించింది సంగప్పే.

“నీళ్లు వేడయితున్నయి, మళ్ల సల్లగైతున్నయి. పిల్ల లోపల వణుకుతున్నది.”

“మంట ఏ రంగున్నది?”

“పసుపు రంగున్నది. దీపం లెక్క.”

నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకు తిరిగిందంటే బర్నర్‌కు మసి పట్టిందన్నమాట. గ్యాస్ సరిగా కాలడం లేదన్నమాట. అప్పుడు పుట్టే విషవాయువుకు వాసన ఉండదు, రంగూ ఉండదు. మనిషిని ఉన్నచోటే నిద్రపుచ్చేస్తుంది. గీజర్ల పని చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది.

“వర్షితకు రెండు దినాల నుంచి తలనొప్పి ఉన్నది గదా?”

“ఉన్నది. తానం చేసినంక తల తిరుగుతున్నదంటది. పరగడుపున గదా, గందుకే అనుకున్న.”

“పరగడుపు కాదవ్వా. ముందుగాల పిల్లను బయటికి పిలువు.”

“ఇప్పుడే తలకు పోసుకుంటున్నది. జర ఆగు, ఆటో వచ్చేలోపు…”

“ఆటో పోతే పోనీ! పిల్లను బయటికి పిలువు!”

ఆ కేకకు భవాని చాయ్ గ్లాసుతో వంటింటి గడపలోకి వచ్చింది. మొగుడు అంతలా అరుస్తున్నా, ఫోన్‌లో ఎవరని అడగలేదు. గ్లాసు స్టూలు మీద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది.

“సంగప్పా, ఒక్క మాట,” అంది శివమ్మ. “పైన చిన్న కిటికీ నుంచి సలిగాలి కొడుతున్నది. మంట దానికే ఆరుతున్నదేమో. మూసుకుంటే అయిపోతది గదా?”

“వద్దు!”

మంచం మీంచి లేచి నిలబడ్డాడు సంగప్ప.

“వద్దవ్వా, నీ కాళ్లు మొక్కుత. ఆ కిటికీ ఉండబట్టే పిల్ల రెండు దినాలు తలనొప్పితోని బయటపడ్డది. అది మూస్తే వర్షిత ఇగ బయటికి రాదు. వింటున్నవా? రాదు.”

“అయ్యో నా తల్లీ… వర్షితా! ఓ వర్షితా!”

తలుపు కొడుతున్న చప్పుడు. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. పిల్ల గొంతు మాత్రం లేదు.

“పలుకుతలేదు సంగప్పా!”

“ముందు సిలిండర్ బంద్ చెయ్యి. చేసినవా? ఇగ తలుపు పగలగొట్టు. గడియ ఎడమ దిక్కున్నది. పొయ్యి పక్కన రోకలుంటది, దాంతోని కొట్టు. రెండు దెబ్బలకు ఊడుతది. కొట్టు!”

ఒక దెబ్బ వినపడింది. సంగప్ప కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రెండో దెబ్బకు తలుపు గోడకు కొట్టుకుంది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఈ ఒక్క పిల్లను దక్కించు, ఇంకేమీ అడగను అని మొక్కుకున్నాడు.

దగ్గు వినపడింది.

“అంకుల్, నేను బయటికొచ్చిన,” అంది వర్షిత, పళ్లు టకటకలాడుతుంటే. “బాగా సలి పెడుతున్నది.”

సంగప్ప భోరుమన్నాడు. ఊరికే కళ్లు చెమర్చడం కాదు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“సలి పెట్టనీ తల్లీ. సలి పెట్టనీ. వాకిట్ల కూసో. అవ్వను దుప్పటి కప్పమను. దవాఖానకు పోదాం. గీజర్‌ను ఎవ్వరూ ముట్టకున్రి. నేనే వచ్చి దాన్ని బయటి గోడకు బిగిస్త. ఇప్పుడే వస్తున్న.”

గోడకు వేలాడుతున్న పనిముట్ల సంచి వైపు చూశాడు. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. అటు అడుగు వేయబోయి మళ్లీ మంచం మీదే కూలబడ్డాడు.

భవాని వచ్చి అతడి చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుంది. బీరువా తెరిచి, బట్టల అడుగున దాచింది.

“చాయ్ సల్లారింది,” అంది. “మళ్ల పెట్టుకొస్త.”

నిరుడు ఇదే చలిలో శివమ్మ నిజంగా ఫోన్ చేసిన పొద్దున, ఇదే మంచం మీద చాయ్ తాగుతూ సంగప్ప అడిగింది ఏమీ లేదు, చెప్పింది ఒక్కటే: “గాలికి ఆరుతున్నదవ్వా, ఏం ఫికర్ చెయ్యకు, ఆ కిటికీకి ఓ అట్ట పెట్టి మూయి.”