సుంకమ్మ ముట్టని దుడ్లు

“ఆర్నెల్లదేనా అన్నా నీ అప్పుల చరిత్ర?” అంటూ బ్యాంకు ఉద్యోగిని జయంతి కంప్యూటర్ తెరను నాగేశ్వర వైపు తిప్పింది. “ఫోన్ కొన్న కంతులు కట్టినావు, అంతే. ఇంత చిన్న చరిత్రకు క్రెడిట్ కార్డు ఇయ్యరు.”

అనంతపురంలో ఆ బ్యాంకు మెట్లెక్కడం నాగేశ్వరకు ఇది మూడోసారి. గుమ్మం పక్కన బోర్డు ఊరిస్తూనే ఉంది. కార్డు గీకినప్పుడల్లా పాయింట్లట, మొదటి కొనుగోలుకే ఐదు వేలు వెనక్కట. అతనికి కావలసింది మాత్రం బోరు మోటారు. గార్లదిన్నె దగ్గర సొంతూళ్లో నలభై చీనీ (బత్తాయి) చెట్లున్నాయి, మోటారు కాలిపోయి పన్నెండు రోజులైంది. కొత్తది ముప్పై ఎనిమిది వేలు. టైర్ల షాపులో అతని జీతం పద్నాలుగు వేలు. కార్డుంటే వడ్డీ లేకుండా ఆరు కంతుల్లో కట్టొచ్చని మోటార్ల షాపతను చెప్పాడు. ఆకులు అప్పుడే ముడుచుకుపోయాయి. ఇంకో వారం నీళ్లు తగలకపోతే ఆ చెట్లు పొయ్యిలోకే.

అప్పు ఎగ్గొట్టినవాడికి ఇవ్వరంటే అర్థముంది. అసలు అప్పే చేయనివాడికీ ఇవ్వరట! ఇదెక్కడి న్యాయమని నాగేశ్వర అడిగాడు. తీసుకుని తిరిగి కడితేనే కదా నమ్మేది, అంది జయంతి. అతని మొహం చూసి ఆమెకే జాలేసినట్టుంది, ఒక దారి చెప్పింది. అతని పేరు మీద యాభై వేలు డిపాజిట్ వేస్తే చరిత్ర చూడకుండానే కార్డిస్తారు. డిపాజిట్ డబ్బు కదలదు, వడ్డీ కూడా వస్తుంది.

డిపాజిట్ అనగానే నాగేశ్వరకు గుర్తొచ్చింది అమ్మ సుంకమ్మ దగ్గరున్న రెండు లక్షలు.

అతనికి పదకొండేళ్లప్పుడు నాయన తిప్పయ్య పోయాడు. తోటలకు రాత్రిపూటే కరెంటు ఇచ్చే రోజులవి. ఆ సాయంత్రం అప్పులవాళ్లు వచ్చి గడపలో చాలాసేపు కూర్చుని పోయారు. వాళ్లు పోయాక తిప్పయ్య అన్నం కూడా తినకుండా మోటారు వేయడానికి తోటకు పోయాడు. తెల్లవారి ఊరంతా చెప్పుకుంది, పాము కరిచిందని. పాముకాటుకు ప్రమాద బీమా కింద రెండు లక్షలు వచ్చాయి. సుంకమ్మ వాటిని బ్యాంకులో వేసింది. వేసిందంటే వేసిందే, పదమూడేళ్లలో ఒక్క రూపాయి తీయలేదు. ఎద్దుల్ని అమ్మింది, చెవి కమ్మలు అమ్మింది, కూలికి పోయింది, ఎండిన మూడు బోర్ల కోసం మొగుడు చేసిన అప్పులన్నీ తీర్చింది. ఆ తర్వాత ఇంట్లో అప్పు అన్న మాట వినిపిస్తే చాలు, కంచం ముందునుంచి లేచిపోయేది. ఫోన్ కంతుల సంగతి కూడా నాగేశ్వర ఆమెకు చెప్పలేదు. పాపం, అతని చరిత్ర ఆర్నెల్లు దాటకపోవడానికి కారణం అదీ!

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆ రోజు నాగుల చవితి. సుంకమ్మ తోట గట్టు మీద పుట్ట దగ్గర ఉంది. అతను బూట్లు వేసుకుని కూడా గడ్డిలో చూసి చూసి అడుగేస్తాడు. ఆమె మాత్రం చీకట్లో అయినా చెప్పుల్లేకుండా తోటంతా తిరుగుతుంది. మొగుణ్ణి పాముకు పోగొట్టుకున్న మనిషికి అంత ధైర్యం ఎట్లా వచ్చిందో అతనికి ఎన్నడూ అర్థం కాలేదు. ఆమె పుట్టలో పాలు పోసి, ఏటేటా చేసినట్టే రెండు చెంపలూ గట్టిగా వాయించుకుంది.

“మొగుణ్ణి సంపినదానికి నువ్వు లెంపలేసుకునేదేందిమా?” అన్నాడు నాగేశ్వర. “అదే నీ ముందర ఏసుకోవాల.”

ఆమె చెంబులో మిగిలిన పాలు కూడా పుట్టలో ఒంపింది. అతను గట్టు మీద కూర్చుని కార్డు సంగతి, డిపాజిట్ సంగతి విడమరచి చెప్పాడు. యాభై వేలు తన పేరుకు మారిస్తే చాలు, ఖర్చయ్యేది లేదు, ఒక్క సంతకం పెడితే ఎల్లుండికి మోటారు దిగుతుందన్నాడు. కార్డంటే అప్పే కదా అందామె. ఆరు నెలల్లో తీరిపోయే అప్పని బతిమాలాడు.

“ఆ దుడ్లు ముట్టొద్దు,” అంది సుంకమ్మ. “అవి మనవి కావు.”

“మనవి కాకుంటే ఎవురివి? నాయన పాణం పోతే వచ్చినేవి.”

“అందుకే వద్దంటాండా.”

నాగేశ్వరకు ఒళ్లు మండిపోయింది. చెట్ల వైపు చూశాడు. నాయన నాటినవే అవన్నీ. అమ్మ బిందెలతో నీళ్లు మోసి బతికించినవే. ఇప్పుడు కళ్లముందే మాడిపోతుంటే, బ్యాంకులో రెండు లక్షలు పెట్టుకుని ఈమె కదలదు, మెదలదు. ఇన్నేళ్లు దాచుకున్న కోపం ఒక్కసారిగా నోట్లోకి వచ్చేసింది.

“నాయన్ను పాము సంపె. ఆయన చెట్లను నువ్వు సంపుతాండావు.”

అన్నాక నాలుక కరుచుకున్నాడు. సుంకమ్మ ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. ఖాళీ చెంబు పక్కన పెట్టి, దారిలో ఎవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. పుట్టకు మరోసారి దండం పెట్టి, కొడుకు పక్కన కూలబడింది.

“మీ నాయన్ను పాము కరవలేదప్పా. అప్పులకు తాళలేక ఆయనే పాణం తీసుకునె, పామని చెప్పింది నేను.”