బిందెడు మంచినీళ్లు

బోర్డులు రాసే లాల్ అహ్మద్ ఒక పత్రికకు బొమ్మల కథ గీశాడు. అందులో తీరం వెంబడి సరుగుడు తోపులన్నీ నరికేశాక సముద్రం లోకాన్ని ముంచేస్తుంది. బావులన్నీ ఉప్పుబారిపోతాయి. చివరి బొమ్మలో ఒక ఆడమనిషి బిందెడు మంచినీళ్ల కోసం పొరుగువాడి తల పగలగొడుతుంది.

పత్రిక వచ్చిన మూడోనాడు సముద్రపొడ్డునున్న మైపాడు నుంచి మాలకొండమ్మ అనే చేపలమ్మే ఆమె వచ్చి, చేపలు కోసే కత్తిని అతని గొంతుకు ఆనించింది. నెత్తురు చొక్కా మీదికి కారింది.

"ఎవుడు జెప్పినాడ్రా నీకు?"

"ఎవురూ జెప్పలేదక్కా! లోకం పాడైతే ఎట్టుంటాదోనని నేనే ఊహించి గీసినా."

ఆమె కత్తి దించి, ఆ చివరి బొమ్మను వేలితో తడిమింది.

"పోయిన తుపానులో బావి కాడ నేనూ ఇట్టనే ఒకణ్ణి చంపినా, సాయిబూ. అప్పుడు నా చంకలో బిడ్డ దప్పికకి చస్తా ఉండాడు. ఆ బిడ్డని గూడా గియ్యి."