పావంగుళమా, ముప్పావంగుళమా

"ముప్పావంగుళం" అన్నాడు శేషగిరిరావు.

"పావంగుళం చాలన్నయ్యా" అన్నాడు పాండురంగ. "హాలుకి అడ్డం పెట్టుకుంటున్నాంగానీ కోట కడుతున్నామా?"

"నాకు కోటే కావాలిరా. ఆ పక్క మాట ఈ పక్క పడకూడదు."

బందరు గొడుగుపేటలో వాళ్ల ఇంటి హాల్లో వడ్రంగి నతానియేలు రెండు పలకలు గోడకు ఆనించి నిలబెట్టాడు. మద్రాసు నుంచి రైల్లో దిగిన కొత్త సరుకు. పల్చటి చెక్కపొరల్ని ఒకదానిమీదొకటి అంటించి చేసినవి, ప్లైవుడ్డు అంటారట. శేషగిరిరావు వాటిని వేళ్లతో తట్టాడు, వంగి వాసన చూశాడు, మళ్లీ తట్టాడు. కాలు ఒకచోట నిలవడం లేదు మనిషికి.

సంబరం ఉండదా మరి. ఆయన భార్య శారదాంబకీ, తమ్ముడి భార్య అమ్మాజీకీ సాయంత్రమయ్యేసరికి అంటుకునేది. చారులో ఉప్పు దగ్గర మొదలై పుట్టింటివాళ్ల దాకా పోయేది. అన్నదమ్ములిద్దరూ కండువాలు భుజాన వేసుకుని కాలవ వంతెన మీదికి పారిపోయేవారు. వంటయ్యే వేళకిగానీ ఇల్లు చేరేవారు కారు. ఆ వంతెన మీదే ఒకనాడు పాండురంగ అనేశాడు, "ఇక నావల్ల కాదన్నయ్యా, గుడివాడలో ఇల్లు చూసుకుంటాను" అని. తమ్ముడు లేని ఇల్లు ఇల్లెలా అవుతుందో శేషగిరిరావుకు అర్థం కాలేదు. ఈ పలకే ఆయనకు ఆఖరి ఆశ.

"గుమ్మానికి పలక అడ్డం పెడతాను బాబుగారూ" అన్నాడు నతానియేలు. "అటునుంచి ఎవరినైనా మాట్లాడమనండి. ఇటునుంచి మీరు వినండి."

"నేనెందుకయ్యా వినడం? పోట్లాట వాళ్లది. చెవులూ వాళ్లవే పెట్టాలి."

ఆడవాళ్లిద్దరినీ గదిలోకి పంపారు. ఒకరు తూర్పుకీ ఒకరు పడమరకీ తిరిగి కూర్చున్నారు. నతానియేలు ముప్పావంగుళం పలకను గుమ్మానికి బిగించి పట్టుకున్నాడు. శేషగిరిరావు గొంతు సవరించుకుని, "రేపు మొవ్వ నుంచి మావయ్య వస్తున్నాడు" అన్నాడు.

"మొవ్వ నుంచి మావయ్య వస్తున్నాడంటున్నారు బావగారు" అని లోపల్నుంచి ఖంగుమంది అమ్మాజీ.

"అయితే గుత్తివంకాయ చెయ్యనా?" అని అంతకంటే గట్టిగా అడిగింది శారదాంబ.

శేషగిరిరావు ప్రాణం ఉసూరుమంది. పావంగుళం పలక పెట్టమన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గొంతు పెంచాడు. అయినా లేదు. ఉత్సాహం ఆపుకోలేక, "పాము, పాము" అని కప్పు ఎగిరిపోయేటట్టు అరిచాడు. ఎదురింటి పోలమ్మ దుడ్డుకర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. శారదాంబ మాత్రం పలక పక్కనుంచి తల బయటపెట్టి, "ఏమండీ, ఇంకా మొదలుపెట్టలేదా?" అని తాపీగా అడిగింది.

"చూశావుటయ్యా నతానియేలూ" అని చిందేశాడు శేషగిరిరావు. "దళసరి చెక్క మద్దెలలాగా మోగుతుంది. పల్చటిది మాటని మింగేస్తుంది. అదీ సైన్సంటే."

"చెక్క పని మా తాతల నాటి నుంచీ చేస్తున్నాం బాబుగారూ. ఈ ముక్క ఎక్కడా వినలేదు."

"ఇప్పుడు విన్నావుగా. కానియ్యి."

శనివారానికల్లా హాలు మధ్య పావంగుళం గోడ లేచింది. ఏం చెప్పమంటారు, ఆ ఇంట్లో పిల్లి కూడా గట్టిగా అరవలేదు. అన్నదమ్ములు వంతెన మొహం చూడటం మానేశారు. కచేరీ నుంచి అన్న, బడి నుంచి తమ్ముడు వచ్చి ఎవరి వాటాలో వాళ్లు కాళ్లు బారజాపుకుని కూర్చుని, కాఫీ అంటే కాఫీ, పకోడీలంటే పకోడీలు, వేణ్ణీళ్లంటే వేణ్ణీళ్లు. అవతల పాండురంగ దగ్గు మాత్రం ఇవతల స్పష్టంగా వినపడేది. దగ్గు మాట కాదుగా అని సరిపెట్టుకున్నాడు శేషగిరిరావు. గుడివాడ ఊసు మళ్లీ రాలేదు, ఆయనకు అదే చాలు. కనపడ్డవాడినల్లా ఆపి పలకల సైన్సు చెప్పసాగాడు.

ఒక బుధవారం కచేరీ నుంచి పెందలాడే వచ్చాడు. దారిలో చెప్పు తెగితే జత చేత్తో పట్టుకుని, కాళ్లు కడుక్కుందామని దొడ్డిదారిన అడుగుపెట్టాడు. వంటింట్లో గవ్వలు గలగలమన్నాయి. వెంటనే పకపకా నవ్వులు. తలుపు సందులోంచి చూశాడు. శారదాంబా, అమ్మాజీ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని గవ్వలాడుతున్నారు. మధ్యన పళ్లెంలో జంతికలు. అయిపోయాయని పొద్దున శారదాంబ తనతో చెప్పిన జంతికలే.

"ఆ ముప్పావంగుళానికి ఆనించీ ఆనించీ నా చెవి వాచిపోయిందక్కయ్యా" అంటోంది అమ్మాజీ.

"వాస్తే వాచింది. అదే బిగించి ఉంటే, ఈ పక్క నేనెంత గొంతు చించుకున్నా ఆ పక్క నీ మొగుడు కుర్చీలోంచి లేచేవాడా?" అంది శారదాంబ. "గోడ పెట్టగానే పోట్లాట అందుకుంటే బాగుండదని ఊరుకున్నాం. వీళ్లేమో వంతెన మరిచిపోయి ఇంటిపట్టునే పాతుకుపోయారు. కాఫీలు కాచలేక చస్తున్నాం."

శేషగిరిరావుకు కోపం వచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. కొంప రెండైపోతుందని అన్నాళ్లూ కంటిమీద కునుకు లేక దొర్లాడే తను. ఇంతలో వీధి వైపు నుంచి పాండురంగ కిర్రుచెప్పుల చప్పుడు వినపడింది.

శారదాంబ గవ్వలు గబగబా కొంగున మూటగట్టింది.

"నీ వాటాలోకి పోవే అమ్మాజీ. ఇవాళ మొదలుపెట్టే వంతు నీది."