ఎంక్వైరీ పెండింగ్

"వద్దండీ, ఇంటికెళ్దాం. టీకా వేయించుకున్న ఒంటితో ఇప్పుడు పోలీస్ స్టేషన్ ఎందుకు?" అంది రావమ్మ.

"నోర్మూసుకుని కూర్చో!" అని కసిరి, రామకోటేశ్వరరావు కారుని స్టేషన్ వైపు తిప్పేశాడు. తిప్పినవాడు ఊరుకోకుండా స్టీరింగ్ మీద ఫట్‌మని ఒక్కటిచ్చాడు. రావమ్మ ఉలిక్కిపడి తలుపు వైపుకి ఒదిగిపోయింది. ఆడవాళ్ళకి స్టేషనంటే భయం మామూలేలే అనుకున్నాడాయన.

ఆయన బాధ ఆయనది మరి. పిస్టల్ లైసెన్సుకి కమిషనర్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టిన మర్నాడే ఆటోనగర్ అంతా చాటింపు వేసుకున్నాడు. "లారీ స్పేర్‌పార్టుల వ్యాపారం, నలుగురి కళ్ళూ మన మీదే, శత్రువులకి కొదవా?" అని కనపడినవాడికల్లా చెప్పాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నడుముకి తగిలించుకునే తోలు ఒర కూడా ముందే కొనేశాడు. ఇంతలో కరోనా వచ్చిపడింది. లైసెన్సుకి కావాల్సిన పోలీసుల ఎంక్వైరీ రిపోర్టు స్టేషన్ గడప దాటలేదు. ఇక పక్క షాపు హనుమయ్యకి పండగే. "ఏవండీ రావుగారూ, మూడో వేవ్ ముందొస్తుందంటారా, మీ తుపాకీ ముందొస్తుందంటారా?" అని ఇందాక టీకా లైన్లో అందరూ వినేలా అడిగాడు. అంతమందీ మాస్కుల వెనక నవ్వుతుంటే రామకోటేశ్వరరావుకి తల కొట్టేసినట్టయింది. ఆ మంటతోనే బయల్దేరాడు.

కరోనా అని స్టేషన్ బయటే షామియానా వేసి, తాడు కట్టి, వచ్చినవాళ్ళని అక్కడే ఆపేస్తున్నారు. మాస్కు లేకుండా దొరికిపోయిన ఆటోవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్కనే కూర్చోమన్నాడు హోంగార్డు. పదిమందికి జీతాలిచ్చే తను, వీళ్ళ సరసన! సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. కూర్చోలేదు.

ఎంక్వైరీ చూసే కానిస్టేబుల్ కరిముల్లా బయటికి రాగానే పట్టుకున్నాడు.

"ఏవయ్యా, నా రిపోర్టు ఎక్కడ తగలేశావు?"

"కరోనా డ్యూటీలండి. కంటైన్‌మెంట్ జోన్లనీ, ఆక్సిజన్ ట్యాంకర్లకి ఎస్కార్టనీ..." కరిముల్లా ఆయన మొహంలోకి చూడలేదు.

"ఇంకా ఎన్నాళ్ళయ్యా ఆ పాట! నేను షాపులో ఉన్నప్పుడు మా ఇంటికొచ్చి, మా ఆవిడ చేతి కాఫీ తాగి, ఎంక్వైరీ చేసుకుపోయావుగా? కాఫీ అరిగింది గానీ రిపోర్టు కదల్లేదా?"

"సార్, కాస్త మెల్లగా మాట్లాడండి."

"మెల్లగా ఏంటి, నీ మొహం! లంచం కోసమేగా ఈ నాటకమంతా?"

ఆటోవాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. రావమ్మ కారు దిగి, గబగబా తాడు దాకా వచ్చింది.

"ఏవండీ, పాపం, అతన్నేం అనకండి."

"నువ్వు కారెక్కు ముందు!"

ఆ అరుపుకి ఆటోవాళ్ళ నవ్వు ఆగిపోయింది. రావమ్మ మాత్రం కారెక్కలేదు. గొడవ విని ఎస్సై సింధూరి బయటికొచ్చింది.

"ఏంటి కరిముల్లా? ఈయన రిపోర్టు ఎందుకు పెండింగ్?"

"లోపలికొచ్చి చెప్తాను మేడమ్."

"లోపల కాదు!" రామకోటేశ్వరరావు అడ్డం పడ్డాడు. "నలుగురిలో పోయింది నా పరువు. నలుగురిలోనే చెప్పాలి. ఊఁ, చెప్పమనండి!"

కరిముల్లా ఒక్కసారి రావమ్మ వైపు చూశాడు.

"తప్పు నాదే మేడమ్. ఫైలు నా దగ్గర పెట్టుకుని మర్చిపోయాను."

"మర్చిపోయావా, డబ్బులడిగావా?"

కరిముల్లా తల దించుకున్నాడు.

"చూశారా! దొంగ దొరికాడు!" అన్నాడు రామకోటేశ్వరరావు.

సింధూరి మొహం ఎర్రబడింది. "మీరు కంప్లయింట్ రాసివ్వండి సార్. ఇవాళే ఇతన్ని సస్పెండ్ చెయ్యమని పైకి రాస్తాను."

హోంగార్డు తెల్లకాగితం తెచ్చాడు. రామకోటేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళ సిగ్గూ కడిగేసుకున్నట్టు జేబులోంచి ఠీవిగా పెన్ను తీశాడు. కరిముల్లా టోపీ తీసి చేత్తో పట్టుకుని, బెల్టు దెబ్బలకి సిద్ధపడ్డ పిల్లాడిలా నిలబడిపోయాడు.

"రాయకండి!"

రావమ్మ. తాడు పైకెత్తి లోపలికొచ్చింది. వచ్చి మొగుడి పక్కన కాదు, ఎస్సై పక్కన నిలబడింది.

"ఇతని తప్పేం లేదమ్మా. డబ్బులడగలేదు, మర్చిపోనూ లేదు. ఆ ఫైలు కదిలించొద్దని కాళ్ళావేళ్ళా పడింది నేను. నేను చెప్పింది కాగితం మీద పెడితే ఇంట్లో నా గతేమవుతుందోనని జాలిపడి, ఇన్నాళ్ళూ కరోనా పేరు చెప్పి మాటలు పడుతున్నాడు. నా మూలాన అతని ఉద్యోగం పోతుంటే చూస్తూ ఊరుకోలేను."

రామకోటేశ్వరరావు పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు. నవ్వినా బాగుండుననిపించింది ఆయనకి.

"నువ్వా? ఏం చెప్పావే?" అన్నాడు.

రావమ్మ ఆయన వైపు తిరగలేదు. ఎస్సైకే చెప్పింది.

"మీ వారికి ఎవరి వల్లనైనా ప్రాణభయం ఉందా అమ్మా అని అడిగాడండీ. ఆయనకి లేదు బాబూ, నాకే ఉంది అన్నాను."