నుదుటి వెనుక గదులు

మనిషి నుదుటి ఎముక వెనుక గాలి నిండిన చిన్న గదులుంటాయి. చాలా కోతులకు అవి ఉండనే ఉండవు. గొరిల్లాకు, చింపాంజీకి ఉంటాయి. మనుషుల్లో మాత్రం ఏ ఇద్దరివీ ఒక్క తీరున ఉండవు. ఉద్యోగకాలమంతా నేను వైద్య విద్యార్థులకు బోధించిన పాఠమిది.

వాగులో దొరికిన ఒక పుర్రె ఎక్స్-రేను పోలీసులు ఆ సాయంత్రం నా ఇంటికి తెచ్చి, పరిశీలించమని ఇచ్చి వెళ్లారు. చీకటి పడ్డాక దాని పక్కన మరొక ఎక్స్-రేను ఉంచాను. అది నిరుటి నుండి జాడలేని నా తమ్ముడిది. వాడి తలనొప్పికి ఒకప్పుడు నేనే తీయించాను. రెండూ కలవకపోతే వాడు బతికివున్నాడని ఆశపడవచ్చు.

ఎడమ గది పెద్దది. కుడిది చిన్నది. నడిమి గోడ వంకర. ఫిలిం తిరగేసి పెట్టానేమోనని మళ్లీ చూశాను. లేదు. ప్రతి అంచూ కలిసింది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

"ఏవండీ, మీ తమ్ముడొచ్చాడు," నా భార్య గొంతు ఏడుపూ నవ్వూ కలిసి వినిపించింది. "ఏమయ్యా, ఇన్నాళ్లూ ఏ గంగలో దూకావు? ఉండు, అన్నం పెడతాను."

వాడు నేరుగా నా గదిలోకి వచ్చాడు. ఫిలింలను దాచడానికి నా చేతులు కదలలేదు. వాడు వంగి రెండింటినీ చాలాసేపు చూశాడు. అరచేత్తో తన నుదురు తడుముకున్నాడు. వంటింట్లో కంచాలు మోగుతున్నాయి.

"ఇది ఎక్కడ దొరికింది అన్నయ్యా?" పుర్రె బొమ్మ మీద వేలు పెట్టి నెమ్మదిగా అడిగాడు. "నేను ఆ వాగంతా వెతికాను."